నాలుగు చేతుల జాకెట్టు

మెదక్‌లో సాబెరా కుట్టుమిషన్, దాన్ని తొక్కేవాళ్ల ఒంట్లో ఏముంటే అది కుడుతుంది. పక్కింటి చంద్రికకు రెండో నెల నడుస్తున్నప్పుడు సరదాగా తొక్కితే, జాకెట్టు లోపలివైపు పిడికిలంత జేబు వచ్చింది. ఆమె నవ్వుకుంటూ దవాఖానకు పోయింది. పొద్దున గిరాకీల మధ్య ఇలా ఒకరిద్దరు వచ్చి తొక్కిపోవడం మామూలే.

పోయిన ఏడాది నుంచి సాబెరా కుట్టే జాకెట్లకు నాలుగేసి చేతులు రాసాగాయి. బట్ట పాడైందని ఒప్పుకునే మనిషి కాదామె. ఒక చేతిలో ఇంకో చేతిని దూర్చి, అంచులు కలిపి కుట్టేసేది. పైకి రెండే. ఎవరూ పట్టుకోలేదు. మిషన్ ఏం చెబుతోందో వినే తీరిక లేదనుకుంది గానీ, నిజానికి లేనిది ధైర్యం.

తర్వాత రొమ్ములో గడ్డ బయటపడింది. రెండు విడతలు మందు ఎక్కించినా తగ్గలేదు. డాక్టర్ ఎలిశిబా రిపోర్టు ముందేసుకుని చెప్పింది.

“కణం రెండు కావాలంటే లోపల రెండు కొసలుండాలె అక్కా, చెరో దిక్కు గుంజేటందుకు. నీ గడ్డల కణాలకు నాలుగున్నయి. నాలుగు దిక్కుల గుంజితే చినిగి చావాలె.”

“మరి చస్తలేవా?”

“రెండేసి కొసల్ని ఒక్కతాన కట్టేసుకుంటున్నయి. లోపలంత తప్పే. పైకి మాత్రం సక్కగ రెండయితున్నయి.”

సాబెరా డాక్టరమ్మ జాకెట్టు వైపు చూసింది. తను కుట్టిందే. దాని చేతులు మందంగా ఉన్నాయి. ఆ దొంగపని ఒంటికి నేర్పింది తన చెయ్యేనని తెలిసి ఆమెకు కడుపు మండిపోయింది. పరాయివాళ్లు మోసం చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. భర్త అస్గర్ బిత్తరపోయాడు.

“గిదేం తినుడు సాబెరా?”

“గీ కుడిచెయ్యి నన్ను దగా చేసింది. దీంతోని ముద్ద ముట్ట.”

ఏడాదిగా కుట్టినవన్నీ వాపసు తెమ్మని గిరాకీలకు కబురు పెట్టింది. డాక్టరమ్మ కూడా పంపింది. పాత గిరాకీ కిష్టవ్వ మాత్రం గొణిగింది.

“మంచిగనే ఉన్నది గదనే, ఎందుకిప్పుతవ్?”

“మంచిగ లేదు అవ్వా. నేనే దాచిన.”

తప్పు చేసిన చేతితోనే ఆ కుట్లన్నీ విప్పించింది. విప్పగానే నాలుగు చేతులూ నాలుగు దిక్కులకు గుంజుకుని, జాకెట్టు నడిమికి చినిగిపోయేది. సాయంత్రానికి మిషన్ చుట్టూ పేలికలే.

తర్వాతి స్కానింగ్‌లో గడ్డ సగానికి సగం తగ్గింది. “మందు పట్టిందక్కా” అంది ఎలిశిబా సంబరంగా. సాబెరా తలూపింది.

ఇంటికి రాగానే అస్గర్ అన్నం, పప్పు వడ్డించాడు. ఆమె కుడిచేతిని కడిగి, తుడిచి, కాసేపు చూసింది. తర్వాత ఒళ్లో పెట్టేసుకుంది.

“చెంచా ఇయ్యుండ్రి” అంది.