కింద నుంచి వచ్చే చలి

“ఇది తెగితే? అసలు నిద్దట్లో ఉండగా ఎవడైనా వచ్చి లారీ తీసేస్తే?”

నాకింకా పది వరసల వలకళ్లు కూడా పడలేదు, అప్పుడే నా చెవిన పడిన మాటలివి. అడిగింది నూకరత్నం. జవాబు చెప్పడానికి ఆ పాకలో చిరిగిన వలల కుప్పలు తప్ప మనుషులెవరూ లేరు. ఆమె పద్ధతే అంత. ముందు భయాన్ని పైకి అనేసి, ఆ తర్వాత పనిలో పడుతుంది.

నేను ఒక వల ఊయలను. ఉప్పాడ దాటాక ఒక చేపలరేవులో, వలలు బాగుచేసే ఆ తల్లి చేతిలో నైలాన్ దారంతో పుట్టాను. నా తోటివాళ్లంతా చేపల్ని పట్టడానికి పుట్టారు. నన్ను మాత్రం ఒకే ఒక్క మనిషిని పట్టి నిద్రపుచ్చమని అల్లింది. ఆ మనిషి ఆమె కొడుకు లోవరాజు. పడవెక్కితే వాంతులు చేసుకునే జాలరి బిడ్డ. వాడు సముద్రం మీదికి పనికిరాడని తేలిన రోజున నూకరత్నం రేవంతా బెల్లం పంచింది. వాడు లారీ డ్రైవరుగా కుదిరిన మర్నాటి నుంచి రోడ్లను తలుచుకుని కుమలడం మొదలుపెట్టింది. ఎంతైనా సముద్రంలో మలుపులుండవు కదా అంది.

లారీలో ఇద్దరు డ్రైవర్లు. క్యాబిన్లో పొడుగు సీటు పెద్దవాడైన అప్పలకొండది. అతను పడుకున్నాక మిగిలేది స్టీరింగు ముందున్న జానెడు చోటు. కొడుకు కూర్చుని కునికి, ఆ కళ్లతోనే ఘాటు రోడ్డు దిగుతున్నాడని తెలిసిన రోజునే నూకరత్నం నన్ను మొదలుపెట్టింది. ఒక్కో ముడీ రెండుసార్లు లాగి చూసింది. బండి తాళం పెట్టుకోవడానికి నా తలవైపు చిన్న వలసంచి కూడా అల్లింది. తాళం కొడుకు తలదగ్గరే ఉంటే ఇంకెవడూ లారీ కదపలేడని ఆమె లెక్క. తర్వాత అయిదు పాత చీరలు కలిపి బొంత కుట్టి, నాలుగు మూలలా నాలుగు తాళ్లు పెట్టింది.

ఆ తాళ్ల సంగతే నా గుండెకోత.

నన్ను అప్పగించిన రోజు లోవరాజు రోడ్డు పక్కన ఇంజను కూడా ఆపలేదు. ఆమె క్యాబిన్ మెట్టు పట్టుకుని చెప్పుకుపోతోంది. చెట్టుకు కడితే పైన ఎండుకొమ్మ ఉందేమో చూసుకో, పామేమో చూసుకో, చీమలేమో చూసుకో, జేబులో అగ్గిపెట్టెతో పడుకోకు, బోర్లా పడుకోకు, తాడు అందుబాటులో పిల్లలెవరైనా ఉంటే తరిమెయ్. వాడు ప్రతిదానికీ ఊ కొడుతున్నాడు. ఇరవయ్యో మాటగానో ఇరవై ఒకటో మాటగానో, కొండమీద చలేస్తే బొంత పైన కప్పుకోకు, ఊయల కింద కట్టుకో అంది. అప్పటికి వాడు గేరు వేసేశాడు.

పనికొచ్చే ఒక్క మాట ఇరవై భయాల వెనక నిలబడితే ఎవరికి వినపడుతుంది? ఆ తల్లిని తిట్టాలో, ఆ కొడుకును తిట్టాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

మొదట ఎండాకాలం. పోర్టు బయట లారీల వరసలో మిట్టమధ్యాహ్నం, లోవరాజు నన్ను లారీ అడుగున రెండు కొక్కేలకు కట్టాడు. ఎలా కట్టాడనుకున్నారు? బట్టలారేసే తీగలాగా బిగించి కట్టాడు. ఊయలకు కాస్త కడుపుండాలి, నడుమ జారి వేలాడాలి. అందులో మనిషి ఐమూలగా పడుకోవాలి. అప్పుడే నడుం మంచంమీద ఉన్నట్టు చదునుగా ఉంటుంది. వాడు శవంలా నిలువునా పడుకున్నాడు. నా అంచులు రెండూ ముడుచుకుని వాణ్ని పొట్లం కట్టేశాయి. నేనేం చెయ్యను? అప్పలకొండ వంగి చూసి, “ఏరా, తొట్టిలో పడ్డావేటి? పాలసీసా ఇమ్మంటావా?” అన్నాడు. వరసలో ఉన్న డ్రైవర్లంతా నవ్వారు. సాయంత్రానికి నడుం పట్టేసిందని వాడు తిట్టింది నన్నే.

మూడోరోజు నా అదృష్టం కొద్దీ వాడు వేసిన ముడి జానెడు జారింది. నాకు కడుపు వచ్చింది. వాడు నిద్రలో దొర్లి తనకు తెలియకుండానే ఐమూలకు చేరాడు. కింద నుంచి గాలి నా కళ్లలోంచి దూరి వాడి వీపు చెమట ఆర్చింది. రెండు గంటలు కదల్లేదు. లేచాక, ఊయల్లో పడుకోవడం ఒక విద్య బాబాయ్ అని అప్పలకొండకు పాఠం చెప్పాడు. విననట్టే వేలాడాను.

పుష్యమాసంలో చింతపల్లి సంతకు ఉప్పు, ఎండుచేపలు వేసుకుని కొండెక్కడం మొదలైంది. తెల్లారేసరికి పైకి చేరతారు. సంత జనం సరుకు దింపుకుని, గుమ్మడికాయలు ఎక్కించేసరికి మధ్యాహ్నం. ఆ మధ్యలో లోవరాజు నిద్రపోవాలి. ఎక్కేటప్పుడు అప్పలకొండ నడుపుతాడు, ఆ కుదుపుల్లో వాడికి కునుకు పట్టదు. దిగేటప్పుడు బండి లోవరాజుది. అంటే ఆ పొద్దుటి నిద్రమీదే రెండు ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. ఈ సంగతి అంత స్పష్టంగా తెలిసింది నూకరత్నానికీ నాకూ మాత్రమే.

కాఫీతోటల్లో సిల్వరోక్ చెట్ల మధ్య నన్ను కట్టాడు. పొగమంచు. వేసవిలో ఏ గాలికి నన్ను మెచ్చుకున్నాడో, అదే గాలి ఇప్పుడు కింద నుంచి వాడి వీపును కోసింది. వాడు బొంత కప్పుకున్నాడు. దానిమీద రగ్గు. రగ్గుమీద అప్పలకొండ తువ్వాలు. పైన ఎంత కప్పితే ఏం లాభం, చలి వస్తోంది అడుగు నుంచి. మా రేవులో పడవమీద పడుకునేవాళ్లను ఎవరినైనా అడగండి, పలకల సందుల్లోంచి వచ్చే చలి గురించే చెబుతారు. అందుకే వాళ్లు వలల కుప్పలు పరుచుకుని పడుకుంటారు. కానీ పడవమీద ఒక్క రాత్రీ పడుకోని వాడికి అది తెలిసే దారేది? రెండో ట్రిప్పులో బొంతను నాలోనే పరిచాడు. వాడి బరువుకు అది అణిగి అప్పడమైంది. ఆ నాలుగు తాళ్లు వాడి మొహంమీద పడుతుంటే చిరాకుపడి పక్కకు తోశాడు. అవేరా, అవే, అని అరవాలనిపించింది. నాకు ఇన్ని వందల కళ్లు పెట్టిన తల్లి ఒక్క నోరు పెట్టలేదు.

రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆమె ఫోను. “నిద్ర పట్టిందా నాన్నా?” వాడు ఆ మాటకు ఒక్కనాడూ సమాధానం చెప్పలేదు. బండెక్కుతున్నాననేవాడు, టీ తాగుతున్నాననేవాడు. తర్వాత తర్వాత ఆ వేళకు ఫోను శబ్దం తీసేసి, తాళంతో పాటు నా వలసంచిలో పడేసేవాడు.

మూడో ట్రిప్పు దిగుతుండగా అది జరిగింది. నేను సీటు వెనక మడతలో ఉన్నాను. అప్పలకొండ గురక పెడుతున్నాడు. ఎండ పడుతున్న మలుపులో లోవరాజు తల ఒక్కసారి ముందుకు వాలింది. రెప్పపాటే. లారీ పిట్టగోడను రాసుకుంది. బండి పక్కనున్న అద్దం విరిగి లోయలో పడింది. అది కిందికి చేరిన చప్పుడు కూడా వినపడలేదు. ఉలిక్కిపడి లేచిన అప్పలకొండతో, ఎదురుగా జీపు వచ్చింది బాబాయ్ అన్నాడు. జీపు లేదు. నాకు తెలుసు. కింద ఊరు వచ్చేదాకా వాడు బండిని రెండో గేరు దాటించలేదు.

నాలుగో ట్రిప్పులో పొద్దున్నే నన్ను కట్టాడు గానీ పడుకోలేదు. బొంత భుజాలమీద వేసుకుని నా అంచున కూర్చున్నాడు. పడుకోబోతున్నవాడు కాదు, ఘాటు దిగబోతున్నవాడు అక్కడ కూర్చుని భయపడుతున్నాడు. బొంత తాడు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు చూశాడు. అంతదాకా ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. తనే తల్లికి ఫోను చేశాడు.

“అమ్మా, ఈ బొంతకి తాళ్లెందుకెట్టావు?”

అటువైపు నూకరత్నం, నా లెక్క ప్రకారం, పది భయాలు నోటిదాకా తెచ్చుకుని ఉంటుంది. బండికేమైందని, గొంతు ఎందుకలా ఉందని అడిగి ఉండాలి. అడగలేదు. ఒక్కటే చెప్పింది.

“ఊయల కింద కట్టు. బిగించకు. నీ వీపుకి తగిలీ తగలనట్టు ఏలాడాలి. అంతే నాన్నా, పడుకో.”

వాడు కట్టాడు. బొంత నా కింద ఇంకో ఊయలలా వేలాడింది. మా ఇద్దరి మధ్య కాస్త గాలి చిక్కుకుని, వాడి ఒంటి వేడికి మెల్లగా వెచ్చబడింది. వాడు ఐమూలగా ఒరిగాడు. రగ్గు ఒక్కటే కప్పుకున్నాడు. మోకాళ్లు ముడుచుకోలేదు. ఊపిరి బరువెక్కడం నాకు ఒక్కో ముడిలోనూ తెలిసింది.

తొమ్మిదింటికి వలసంచిలో ఫోను వణికింది. ఆగింది. మళ్లీ వణికింది. తొమ్మిదింబావు. తొమ్మిదిన్నర. వణికిన ప్రతిసారీ నేనూ వణికాను, నన్ను అల్లిన వేళ్లే అక్కడ వణుకుతున్నట్టు. పడుకున్నాడమ్మా, నువ్వు చెప్పినట్టే కట్టాడు, అని చెప్పడానికి నాకు దారి లేదు. వాడు కదల్లేదు. ఆమె ఎప్పటినుంచో భయపడుతున్న మౌనం, ఎప్పటినుంచో కోరుకుంటున్న నిద్ర, రెండూ ఒకేలా ఉంటాయని అప్పుడే తెలిసింది నాకు.

చివరికి అప్పలకొండకు చేసింది. అతను టీ గ్లాసుతోనే వచ్చి చూశాడు.

“పడుకున్నాడు వదినా.”

“పడుకున్నాడా, పడిపోయాడా? నిజం చెప్పు కొండా. తల ఎటుంది? ఊపిరాడతందా?”

అప్పలకొండ తన ఫోను పెద్దగా వినపడేలా పెట్టి, నా అంచుమీద, లోవరాజు చెవి దగ్గర ఉంచాడు. టీ చల్లారిపోతోందని వెళ్లిపోయాడు.

“నిద్ర పట్టిందా నాన్నా?” అంది.

సిల్వరోక్ ఆకులమీంచి మంచు నీళ్లు బొట్లుబొట్లుగా రగ్గుమీద పడుతున్నాయి. ఆమె మళ్లీ అడగలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు. అటు సముద్రం హోరు సన్నగా వినపడుతోంది. ఇటు వాడి ఊపిరి.

లోవరాజు కళ్లు తెరవలేదు. ఐమూల నుంచి కొంచెం కూడా జరగలేదు.

“పట్టిందమ్మా,” అన్నాడు. “ఇన్నాళ్లకి పట్టింది. నువ్వు లేపేశావు.”