లైనింగ్ లేని వైరు

అత్తగారికి చెవుడు ఒక్కరోజులో రాలేదు. మొదట కుక్కరు విజిల్ పోయింది, తర్వాత గుమ్మంలో పిలుపు, ఆఖరికి పక్కన కూర్చున్న మనిషి మాట కూడా పోయింది. డాక్టరు ఇచ్చిన చెవి మిషను రెండురోజులు పెట్టుకుని, "నా చెవిలో కీచురాయి దూరినట్టుంది" అని తీసి బీరువాలో పడేసింది. ఇక ఇంట్లో అరవడమే మిగిలింది. ముందుగదిలో కోడలు బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగి, "ఏమైనా గొడవా అక్కా?" అని అడిగేవాళ్లు.

ఒక మధ్యాహ్నం కోడలు ఫోనులో ఒక వీడియో చూసింది. చిన్న మైకు, అగ్గిపెట్టెంత యాంప్లిఫయరు, హెడ్‌ఫోను. ఎవరో ఇంట్లోనే చేసుకున్నారు. హెడ్‌ఫోనైతే చెవిలో దూరదు కాబట్టి అత్తగారు పెట్టుకుంటుందనిపించింది.

"నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు మొగుడు.

"జాకెట్టు కుట్టడం నాకెవరు నేర్పారండీ? పాతది విప్పి చూసి నేర్చుకున్నా. ఇదీ అంతే."

అంతే కాలేదు. సామాను తెప్పించి అతకబోతే, మొదటిసారి కెపాసిటరు అనే చిన్న డబ్బీ కాళ్లు తారుమారు చేసింది. అది టప్పుమని పేలి, బ్లౌజు గుడ్డ మీద నల్లమచ్చ పడింది. రెండోసారి అతికే సీసం ఎక్కువైపోయి బోర్డు మీద పక్కపక్క చుక్కలు రెండూ ఒకటైపోయాయి. దాన్ని పట్టుకెళ్లి చూపిస్తే ఎదురుషాపు రేడియో మెకానిక్ నవ్వాడు.

"అమ్మా, ఇది జాకెట్టు కాదు."

"నా మొదటి జాకెట్టూ జాకెట్టులా లేదులెండి" అని తిరిగొచ్చేసింది.

మూడోది పలికింది. కానీ మాట వెనకాల ఒకటే గుయ్యిమనే రొద. కోడలు అడాప్టరు తీసేసి బ్యాటరీ పెట్టింది. రొద కాస్త తగ్గిందేగాని పోలేదు. మైకు మార్చింది, బోర్డు మళ్లీ అతికింది. ఫలితం సున్నా. మైకు వైరు మీద చెయ్యి వేస్తే మాత్రం రొద పెరిగేది. అంటే తప్పు అక్కడే ఎక్కడో ఉందని మూడు వారాలకు అర్థమైంది.

పాతసామాన్లవాడి దగ్గర పాడైన టేపురికార్డరు ఒకటి తెచ్చి విప్పింది. దాని మైకు వైరు కోసి చూస్తే, లోపలి తీగ చుట్టూ సన్నటి రాగి జాలీ అల్లి ఉంది. ఆ జాలీ కొస బోర్డు మైనసుకి అతికి ఉంది.

"ఓహో, వైరుకి లైనింగు!" అంది పైకే. బయటి కరెంటు రొద ఆ జాలీ దగ్గరే ఆగిపోతుందన్నమాట. తాను వేసింది ఉత్త తీగ. పలచటి గుడ్డకి లైనింగు లేకుండా కుట్టి, ఒళ్లు కనిపిస్తోందని ఏడ్చినట్టుంది.

అలాంటి వైరే తెచ్చి వేసింది. రొద పోయింది. కోడలు అయిదు నిమిషాలు హెడ్‌ఫోను తియ్యకుండా ఫ్యాను తిరగడం వింటూ కూర్చుంది.

ఆదివారం పొద్దున అత్తగారి చెవులకు తగిలించి, మైకు మొగుడి చేతికిచ్చింది.

"అమ్మా! తిన్నావా?" అని అరిచాడు అలవాటుగా.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఎందుకురా ఆ కేకలు? వినపడుతోంది."

అతను గొంతు తగ్గించాడు. "తిన్నావా?"

"తిన్నా."

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. ఇంకేమైనా చెప్పరా."

ఏళ్ల తరబడి తల్లితో ఈ రెండు ముక్కలే అరిచాడు. చివరికి, "ప్రెస్సులో పని మానేశానమ్మా. ఇప్పుడు గోడౌన్లో చేస్తున్నా" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"ఆర్నెల్లయింది. అప్పుడే ఒకసారి చెప్పాను, నీకు వినపడలేదు."

"వినపడలేదని తెలిసీ, చెప్పేశానని ఊరుకున్నావా?"

కోడలు కత్తెర తీసుకుని తన పనిలో పడింది. కొడుకు కుర్చీ లాక్కుని తల్లికి ఎదురుగా కూర్చున్నాడు. ప్రెస్సు ఎందుకు మానాడో, గోడౌన్లో మేనేజరు ఎలాంటివాడో, నెమ్మదిగా, ఒక్కో మాటే చెప్పుకొచ్చాడు. ఆవిడ మధ్యమధ్య ప్రశ్నలు వేసింది, రెండుసార్లు తిట్టింది, ఒకసారి నవ్వింది.

బ్యాటరీ అయిపోయేదాకా మాట్లాడుకున్నారు. కోడలు లేచి ఇంకో బ్యాటరీ తెచ్చి వేసింది.