చెవిలో నూనె

కూతురు సైన్యంలో చేరేందుకు మెడికల్ పరీక్షకు పోయే ముందురోజు సాయంత్రం లింగం గంటెలో నువ్వుల నూనె పోసి, రెండు ఎల్లిపాయ రెబ్బలు వేసి వేడి చేశాడు. ఆ పని అతను ఎన్నడూ చేసినవాడు కాదు. ఆ కూతురు నిషితకు పరీక్ష అంటే చాలు, ముందురోజు భార్య అరుణే పిల్ల తల ఒళ్లో పెట్టుకొని రెండు చెవుల్లో నూనె పోసేది. పొద్దున తలస్నానం చేయించి పంపేది. కిందటి శ్రావణంలో జ్వరం వచ్చి అరుణ చనిపోయింది.

నూనె చల్లారిందో లేదో మోచేతి మీద చుక్క వేసి చూసుకున్నాడు.

"రా బిడ్డా, పండుకో."

నిషిత గంటె వైపు చూసింది. ఏదో అనబోయి ఆగి, వచ్చి అతని ఒళ్లో తల పెట్టింది. ఎంత పోయాలో లింగానికి తెలియదు. చెవి నిండేదాకా పోశాడు.

వాకిట్లో చిక్కుడుకాయ ఒలుస్తున్న అతని అక్క మల్లవ్వ తల ఎత్తింది. "చెవుల పోస్తున్నవా, పొలానికి నీళ్లు పెడ్తున్నవా తమ్మీ?"

"నువ్వూకో అక్కా."

"ఊకున్న. దీన్ని చేసుకునేటోడు మాత్రం జెర పైలంగ మాట్లాడాలె. తుపాకి పట్టే పిల్లాయె."

ఒళ్లో ఉన్న తల నవ్వుకు కదిలింది. ఇంకొంచెం నూనె మెడ మీదికి జారింది.

నిషిత సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. తెల్లవారక ముందే లేచి, కంకర టిప్పర్లు మొదలయ్యేలోగా లక్డారం రోడ్డు మీద పరుగు ముగించి, స్నానం చేసి కంపెనీ బస్సు ఎక్కుతుంది. సైన్యంలో ఆడపిల్లలను మిలిటరీ పోలీసులుగా తీసుకుంటారని ఇంటర్ చదివేటప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఆమెకు ఇంకో ఆలోచన లేదు. రాత పరీక్ష గట్టెక్కింది, పరుగు గట్టెక్కింది. ఇక మెడికల్. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

మరునాడు ఆమె ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుంది.

"ఏమాయె?" అన్నాడు లింగం.

"అన్నీ మంచిగనే ఉన్నయన్నరు. చెవులు కనబడ్తలేవట."

డాక్టరు లైటు పెట్టి చూస్తే రెండు చెవుల్లోనూ నూనె, అందులో నాని ఉబ్బిన గుబిలి. దాని వెనక కర్ణభేరి ఎట్లా ఉందో తెలియలేదు. ప్రస్తుతానికి అన్‌ఫిట్ అని రాసి, నెల లోపల సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో చూపించుకొమ్మన్నారు. అక్కడ కూడా కాదంటే ఇక అంతే.

లింగం గోడకు ఆనుకున్నాడు. "నేనే చేసిన గద బిడ్డా."

"చెవులు సాఫ్ చేస్కొని రమ్మని నాకు ముందే చెప్పిండ్రు నాయిన."

"మరి తెల్సి ఎందుకు పొయ్యనిచ్చినవ్?"

"పొద్దున దూదితోని తుడుస్తే పోతదనుకున్న." నిషిత చెప్పు పట్టీ విప్పి, మళ్లీ పెట్టుకుంది. "అమ్మ లేదు, ఈసారి ఎవలు పోస్తరనుకున్న. నువ్వు పిలిచినవ్. వద్దని ఎట్లంట?"

లింగం లోపలికి పోయి నూనె గంటె తోమి పెట్టాడు.

సంగారెడ్డిలో చెవి డాక్టరమ్మ చుక్కల మందు ఇచ్చి, వారం తర్వాత చెవులు రెండూ కడిగింది. "మీ ఇంట్లో కూరకేమన్నా నూనె మిగిల్చిండ్రా?" అని అడిగింది. కుడి చెవి బాగుంది. ఎడమ చెవి లోపల ఎర్రగా ఉంది. తగ్గుతుంది గాని, మిలిటరీ ఆసుపత్రిలో వినికిడి కూడా చూస్తారని చెప్పింది. వెనక్కి తిప్పి నిలబెట్టి, దూరం నుంచి గుసగుసగా మాటలు చెప్తారట. అవి విని తిరిగి చెప్పాలట.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగి రాగానే నిషిత వాకిట్లో ఒక గోడవైపు తిరిగి, ఒక చెవిలో వేలు పెట్టుకొని నిలబడేది. లింగం ఎదురు గోడ దగ్గర నిలబడి నోట్లోనే అన్నట్టు మాట చెప్పేవాడు.

"టమాట."

"టమాట."

"జోగిపేట."

"జోగిపేట."

"సూసినోళ్లు మీ తండ్రిబిడ్డలకు పిచ్చి లేసిందనుకుంటరు," అనేది మల్లవ్వ. ఎడమ చెవికి వచ్చేసరికి నిషిత కొన్ని మాటలు మళ్లీ అడిగేది. అడిగినప్పుడల్లా లింగం ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ చెప్పేవాడు.

కూరగాయలు అయిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లు అయిపోయాయి. పటాన్‌చెరు గోదాములో పొద్దంతా బస్తాల మధ్య ఒక్క మాట లేకుండా పనిచేసే మనిషి అతను. ఒక సాయంత్రం ఇక చెప్పడానికి ఏమీ తోచలేదు. నిషిత ఎడమ చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తోంది. అతని నోటికి ఏది వచ్చిందో అదే అన్నాడు.

"అరుణ."

శ్రావణం నుంచి ఆ పేరు అతను పలకలేదు. ఇప్పుడు కూడా మిగతా మాటలకంటే తక్కువ గొంతుతోనే పలికాడు. నిషిత కదలలేదు. వినబడలేదనుకున్నాడు.

"అరుణ," అంది నిషిత, గోడవైపే ఉండి. తర్వాత, "ఇంకోటి చెప్పు నాయిన," అంది.

చెప్పాడు. చీకటిపడే దాకా చెప్పాడు.

సికింద్రాబాద్‌లో అతన్ని లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర ఎండలోనే నిలబడ్డాడు. కాపలా ఉన్న సైనికురాలు నిషితకంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. ఆమె బూట్ల వైపు, టోపీ వైపు దొంగచూపులు చూస్తుంటే పట్టుబడ్డాడు.

"అందర్ కౌన్ హై, చాచా?" లోపల ఎవరున్నారని ఆమె అడిగింది.

"బేటీ," అన్నాడు. "భర్తీ కే లియే." సైన్యంలో చేరడానికి వచ్చిందని.

ఆమె నవ్వకుండానే నీడవైపు చెయ్యి చూపించింది. లింగం పోయి నీడలో నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక నిషిత వచ్చింది. ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాడు. దగ్గరికి వచ్చాక అంది:

"ఫిట్ అన్నరు నాయిన. రెండు చెవులు."

"ఏమన్న తిన్నవా?" అన్నాడు.

"లోపల ఎవలు పెడ్తరు?" నిషిత నవ్వింది. "ఇంక లిస్టు రావాలె. మార్కులు చూస్తరు. గప్పటిదాక పరుగు ఆపొద్దు."

"ఆపకు."

బస్టాపు వైపు నడిచారు. ఆమెవి పెద్ద పెద్ద అడుగులు. లింగం కొంత దూరం కలిపి నడవాలని చూసి మానేశాడు. ముందే పోనీ అనుకున్నాడు.