డిక్కీలో పట్టని సంచి

మా ఆయన రస్ వారం రోజులుగా గరాజు నేల మీదే కాపురం పెట్టాడు. అద్దెకు రాబోయే కారు డిక్కీ కొలతలు ఎక్కడో సంపాదించి, నేల మీద నీలం టేపుతో గడి అంటించాడు. రోజూ సాయంత్రం అందులో సామాను పేర్చడం, తీయడం, మళ్ళీ పేర్చడం. ఎడమ మూల ఐస్ పెట్టె. నన్నయినా కదుపుతాడేమో గానీ దాన్ని కదపడు.

నెబ్రాస్కాలో మా ఊరు ఒమాహా నుంచి మోంటానా దాకా వెళ్ళాలి. సరదాకు కాదు. రస్ మొదటి భార్య డెనీస్ కిందటి చలికాలంలో చనిపోయింది. చిన్నప్పుడు ఈత నేర్చుకున్న అక్కడి సరస్సులోనే తన బూడిద కలపాలని కూతురి దగ్గర మాట తీసుకుని మరీ పోయింది. ఆ కూతురు కెండ్రా, పదిహేనేళ్ళది, అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. ఉంటోంది అంటే తింటోంది, పడుకుంటోంది, తలుపేసుకుంటోంది. నన్ను పేరు పెట్టి పిలవదు, ఏ వరసా పెట్టి పిలవదు. తప్పనిసరై మాట్లాడితే గోడకేసి చూస్తూ మాట్లాడుతుంది.

డెనీస్‌కు బౌలింగ్ పిచ్చి. బరువైన బంతి దొర్లించి చివర నిలబెట్టిన చెక్క బొమ్మల్ని పడగొట్టే ఆట. ఆ బంతి మోసుకెళ్ళే ఎర్ర తోలు సంచిలోంచి బంతి తీసేసి, కెండ్రా బూడిద పెట్టె పెట్టింది. కొలిచి చేసినట్టు పట్టింది. అప్పటినుంచీ ఆ సంచి పిల్ల మంచం మీద గోడవైపే ఉంది. దుప్పట్లు మార్చేటప్పుడు కూడా నేను దాని జోలికి పోలేదు.

బయల్దేరే రోజు పొద్దున రస్ కారు తేవడానికి వెళ్ళి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. బుక్ చేసింది ఏడుగురు పట్టే బండి. తెచ్చింది అగ్గిపెట్టెంత తెల్ల బండి.

"ఇదేంటి?" అన్నాను.

"బుకింగులో 'లేదా అదే తరహా' అని ఉందట. ఇది అదే తరహా అట."

"మన వంటింటి బీరువా కూడా అదే తరహానే. చక్రాలు బిగించుకుని పోదాం పద."

"నవ్వులాటగా ఉందా నీకు? సోమవారం దాకా ఇంకో బండి లేదన్నాడు. అన్నట్టు, డ్రైవరుగా నా పేరొక్కటే రాయించా. రెండో పేరుకు వేరే డబ్బులట. నువ్వు స్టీరింగు మీద చెయ్యి పెట్టకు."

గేరుబాక్సు పోయిన మా పికప్ ట్రక్కు గరాజు ముందు అడ్డంగా పడి ఉంది. అందుకని అద్దె బండిని రోడ్డువారన ఆపి, సామానంతా అక్కడి గడ్డి మీదికి మోశాం. సూట్‌కేసులు పెట్టేసరికే డిక్కీ నిండింది. ఐస్ పెట్టె, మడత కుర్చీలు గడ్డి మీదే మిగిలాయి. రస్ తల పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నీలం టేపు గడి మీద పెట్టుకున్న ఆశంతా మంటగలిసింది మరి.

"అమ్మ డిక్కీలోకి రాదు," అంది కెండ్రా గోడకేసి చూస్తూ. "నా పక్క సీట్లో కూర్చుంటుంది."

"ఆ సీటు మీద దుప్పట్లూ తిండి సంచులూ పెట్టాలమ్మా," అన్నాడు రస్.

"అయితే అవి మానెయ్యండి."

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి కాఫీ కూడా గొంతులోకి దిగలేదు. "అయితే ఆవిడకు సీటు, మాకు టాపు. అంతేనా? నన్ను మీదకెక్కించి తాడేసి కట్టండి," అన్నాను.

కెండ్రా మొహం పాలిపోయింది. తన గదిలోకి వెళ్ళింది. వెళ్ళిన కాళ్ళతోనే తిరిగొచ్చింది.

"సంచి ఏది?"

రస్ ఉలిక్కిపడ్డాడు. "నేనే తీసుకెళ్ళా. ఎక్కడైనా సందులో పడుతుందేమో చూద్దామని. ఐస్ పెట్టె పక్కన పెట్టా."

"పక్కనంటే? ఎక్కడ?"

"బయట. గడ్డి మీద."

ఆ వారం మా పేటలో శుభ్రాల వారం. అక్కర్లేనివన్నీ జనం రోడ్డువారన గడ్డి మీద పెడతారు. అక్కడ పెట్టిందంటే ఎవరైనా పట్టుకుపోవచ్చు, అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు. మా ముందుగదిలో సోఫా అలా తెచ్చుకున్నదే.

ముగ్గురం ఒకేసారి బయటికి పరిగెత్తాం. గడ్డి మీద ఏమీ లేదు. ఐస్ పెట్టె లేదు, కుర్చీలు లేవు, సంచి లేదు. ఐస్ పెట్టె ఆనిన చోట గడ్డి అణిగి ఉంది.

ఎదురింటి ఆస్టర్‌గ్రెన్ మామ్మ వరండాలోంచి చెయ్యి ఊపింది. "ఇప్పుడే ఒకాయన పట్టుకెళ్ళాడు కొరీన్. పచ్చ పికప్, వెనకాల ఇనుప మంచం కట్టి ఉంది. పాపం ఒక్కడే మోసుకుంటున్నాడని కుర్చీలు నేనే అందించా."

"ఎటు వెళ్ళాడు?"

"చర్చి వైపు. వీధివీధీ తిరిగి, అక్కర్లేనిదంతా చెత్తకుప్పలో పారేసి, ఇనుము మాత్రం తుక్కు కొట్టులో అమ్ముకుంటాట్ట. ఎందుకే, ఏమైంది?"

చెప్పే ఓపిక లేదు. కెండ్రా ఏడవడం లేదు, అదే భయం వేసింది నాకు. రోడ్డు మధ్యలో నిలబడి చర్చి వైపు చూస్తోంది. రస్ ఫోను తీశాడు, గాభరాలో తుక్కు కొట్టు పేరు కూడా కొట్టలేకపోతున్నాడు. మా ఆయన్ని తిట్టడానికి తర్వాత బోలెడంత టైముంటుంది అనుకుని, ఆయన జేబులోంచి తాళం లాక్కున్నాను.

"కొరీన్, నీ పేరు కాగితంలో లేదు."

"నా పేరు ఎక్కడుంది గనక? నువ్వు ఇక్కడే ఉండి కొట్లకు ఫోన్లు చెయ్యి. కెండ్రా, ఎక్కు."

ఎక్కింది. ముందు సీట్లో, నా పక్కన. మేమిద్దరమే ఒక బండిలో కూర్చోవడం అదే మొదలు.

చర్చి దాటాను. ప్రతి ఇంటి ముందూ పాత టీవీలు, పరుపులు, విరిగిన ఊయలలు. పచ్చ పికప్ లేదు. పక్క వీధిలో లేదు, దాని పక్క వీధిలోనూ లేదు. బ్రేకు ఎంత తొక్కాలో కూడా సరిగ్గా తెలియని బండి. మలుపులో వీలైనంత గట్టిగా తొక్కితే వెనకాల సూట్‌కేసులన్నీ ఒక్కసారి దొర్లాయి.

"ఆయన తీసి చూస్తే?" అంది కెండ్రా. అదే మొదటి మాట. "పారబోసి సంచి ఉంచుకుంటే?"

"పారబోయడు."

"మీకెలా తెలుసు?"

నాకు తెలియదు. అబద్ధమాడటానికి నోరు రాలేదు. "తెలియదు," అన్నాను. "కుప్పల్లో వెతకాల్సొచ్చినా వెతుకుదాం. నేను దిగుతాను కుప్పలోకి. నువ్వు చూపించు చాలు."

చూడ్డానికి గోడలేమీ లేనందుకో ఏమో, ఆ పిల్ల నావైపే చూసింది.

బడి వెనక సందులో దొరికింది బండి. పచ్చ రంగు, వెనకాల ఇనుప మంచం. గళ్ళ చొక్కా వేసుకున్న ముసలాయన ఒక బట్టలుతికే మిషనును వాలు పలక మీద పైకి తోస్తున్నాడు. నేను బండి ఆపేలోపే కెండ్రా దూకి, పికప్ వెనక్కి ఎక్కి, తుక్కంతా చేతులతో తోడెయ్యడం మొదలుపెట్టింది. రేకులు, గొట్టాలు, మా కుర్చీలు, మా ఐస్ పెట్టె. సంచి లేదు.

"లేదు," అంది. "ఇక్కడ లేదు."

"ఏయ్ పిల్లా, చేతులు కోసుకుపోతాయి, దిగు," అన్నాడు ముసలాయన.

"అయ్యా, ఎర్ర తోలు సంచి," అన్నాను. "ఏం చేశారు దాన్ని? ఎక్కడ పారేశారు?"

ఆయన మిషనును పలక మీద మోకాలితో ఆపి, నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. "ఎవరు తల్లీ ఆ సంచిలో ఆవిడ?" అన్నాడు.

"మా అమ్మ," అంది కెండ్రా.

"అనుకున్నా. బంతి ఉంటే అమ్ముకోవచ్చని జిప్పు లాగా. పెట్టె మీద పేరు అంటించి ఉంది. మా అన్నను కూడా ఇలాంటి దాంట్లోనే పెట్టి ఇచ్చారు, చూడగానే తెలిసింది. ఈ మిషను ఎక్కించి మీ వీధికే వద్దామనుకుంటున్నా." గడ్డంతో ముందు తలుపు వైపు చూపించాడు. "ఆవిణ్ణి తుక్కులో వెయ్యలేదమ్మా. ముందు కూర్చోబెట్టా."

కెండ్రా తలుపు తెరిచింది. ముందు సీట్లో ఎర్ర సంచి నిటారుగా ఉంది. దాని మీంచి బెల్టు పెట్టి ఉంది.

"మనిషి కూర్చున్నట్టు ఆ బరువుకు బండి ఒకటే కూత," అన్నాడు ముసలాయన. "బెల్టు పెట్టేదాకా ఊరుకోలేదు."

కెండ్రా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, తలుపు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక, ఆ మిషను వైపు చూస్తూ కూర్చున్నాను. డెనీస్ మీద నాకున్న ఉక్రోషం ఎక్కడికి పోయిందో. ఆ పిల్ల తల్లి ఆవిడ, అంతే.

ముసలాయన ఐస్ పెట్టె దించబోయాడు.

"వద్దు, ఉంచుకోండి," అన్నాను. "కుర్చీలు కూడా. పెట్టెలో టర్కీ శాండ్‌విచ్‌లున్నాయి, చల్లగా ఉండగానే తినండి."

ఇంటికొచ్చేసరికి రస్ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. సంచి చూసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తేరుకున్నాక అడిగాడు, "ఐస్ పెట్టె ఏది?"

"ఇచ్చేశా."

కూతురి మొహం చూశాడు. తాళం తీసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

నేను వెనక తలుపు తీశాను. "నేను దుప్పట్లతో వెనక సర్దుకుంటా. మీ అమ్మను ముందు పెట్టు, కెండ్రా. బెల్టు కూడా ఉంది."

ఆ పిల్ల సంచి గుండెకు హత్తుకుని ముందు తలుపు తీసింది.

"ముందు సీటు నీదే," అంది. "ఎక్కు."

ఎక్కాను. కెండ్రా వంగి, ఆ సంచిని నా ఒళ్ళో పెట్టింది. అంత బరువుంటుందని నేననుకోలేదు. బెల్టు లాగి, నా మీంచీ సంచి మీంచీ కలిపి పెట్టింది.

"అమ్మకి వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది," అంది. "రెండు చేతులతో పట్టుకో, కొరీన్."

పట్టుకున్నాను. నెబ్రాస్కా దాటేలోపే కాళ్ళు తిమ్మిరెక్కాయి, కదపలేదు.