హాజీ లఫ్తా కాఫీ తాగిన రోజు

టైగ్రిస్ ఒడ్డునున్న అమారా ఊళ్ళో పిల్లనడగడానికి వెళ్ళే పెద్దమనుషుల్లో హాజీ లఫ్తాకున్న పేరు మరొకరికి లేదు. ఆయన అందగాడు కాడు, మాటకారీ కాడు. ఆయన గొప్పతనమల్లా కాఫీ తాగకపోవడమే. పిల్ల ఇంటివాళ్ళు చేతికిచ్చిన కప్పుని ఎదురుగా తివాచీ మీద పెట్టి, వచ్చిన పని అయితేనే తాగుతామని ఒక్క మాట అనేవాడు. ఆ తర్వాత నోరు విప్పేవాడు కాదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి కాఫీ ముట్టకుండా లేచిపోతే ఆ ఇంటి పరువు టైగ్రిస్ నదిలో కలిసినట్టే. అంచేత ఎంత మొండి తండ్రయినా చల్లారిపోతున్న ఆ కప్పుని చూసి చూసి, చివరికి దిగొచ్చేవాడు. ఆ ఊళ్ళో సగం సంసారాలు ఆయన తాగని కాఫీ మీదే నిలబడ్డాయి.

ఇంట్లో ఉంటే మాత్రం ఆయనకి కాఫీ ప్రాణం. పొయ్యి మీంచి కూజా దిగీ దిగకముందే కప్పు పట్టుకుని తయారు.

ఏడాదిగా ఆయనకి మతిమరుపు పట్టుకుంది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు: ఆయన భార్య బద్రియాకి, అప్పుడప్పుడు ఆయనకి. ఒకరోజు ఆయన జపమాల రొట్టెల పొయ్యిలో దొరికింది. ఇంకోరోజు పక్కింటికి పరామర్శకి వెళ్ళి, చచ్చిపోయినాయన ఎలా ఉన్నాడని అడిగొచ్చాడు. ఆయన తీరే అంత, వేళాకోళం మనిషి అని బద్రియా సర్దిచెప్పింది. హాజీ లఫ్తా జన్మలో వేళాకోళమాడి ఎరగడు. అయినా పక్కింటివాళ్ళు బద్రియా మాటే నమ్మి ఊరుకున్నారు.

అలాంటి రోజుల్లో మైథమ్ వచ్చాడు. చనిపోయిన తమ్ముడి కొడుకు. వీధికి కరెంటిచ్చే జనరేటర్ నడుపుతాడు కాబట్టి వీధి వీధంతా వాణ్ణి రోజూ తలుచుకుంటుంది, ఎక్కువగా తిట్టడానికి. వాడికి హాజీ మిజ్‌బాన్ కూతురు ఇబ్తిహాల్ కావాలి. ఆ పిల్లకీ ఇష్టమే. మిజ్‌బాన్‌కే ఇష్టం లేదు. ఎప్పుడో ఆయన తండ్రి పోయినప్పుడు, మైథమ్ తండ్రి మూడోరోజు సాయంత్రం, పరామర్శ గుడారం విప్పుతుండగా వచ్చాడట. తాళ్ళు విప్పుతున్న చేతుల్తోనే సానుభూతి అందుకోవాల్సి వచ్చిందట. ఆ కోపంతో అడగడానికొచ్చినవాళ్ళని రెండుసార్లు తిప్పిపంపాడు.

"నువ్వొచ్చి కూర్చుంటే తప్ప అవదు పెదనాన్నా" అన్నాడు మైథమ్. "ఈసారీ కాదంటే దాన్ని బస్రా సంబంధానికి ఇచ్చేస్తారు."

వాడు వెళ్ళాక బద్రియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వేరేవాళ్ళని ముందు కూర్చోబెట్టమంది. ఇన్నాళ్ళు ఊరందరి పిల్లలకీ కూర్చున్నవాణ్ణి, సొంత తమ్ముడి కొడుక్కి కూర్చోకపోతే ఈ గడ్డం ఎందుకని ఆయన అడిగాడు. నిజానికి ఆయనకీ భయంగానే ఉంది. పిల్లాడి బతుకు తన చేతిలో ఉంది, ఆ చేతిని తానే నమ్మలేకపోతున్నాడు. బద్రియా ఇంకేమీ అనకుండా ఎర్రదారం తెచ్చి ఆయన కుడిచేతి వేలికి కట్టింది.

"ఇది కనబడగానే కాఫీ ముట్టుకోకూడదని గుర్తు తెచ్చుకో" అంది.

"చిన్నపిల్లాణ్ణనుకున్నావా?"

"చిన్నపిల్లలకైతే చెబితే గుర్తుంటుంది" అంది బద్రియా.

శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక తెగ పెద్దలందరూ జరీ అంచు అంగీలు కప్పుకుని, హాజీ లఫ్తాని ముందుంచుకుని బయల్దేరారు. ఊరి చివర మిజ్‌బాన్ రెల్లు చావడి నిండిపోయింది. మిజ్‌బాన్ ఎదురొచ్చి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. ఆ ముద్దుల్లో వెచ్చదనమేమీ లేదు. ఈసారి ఎలా కాదనాలో ముందే వల్లెవేసుకున్నవాడిలా ఉన్నాడు.

మిజ్‌బాన్ తమ్ముడు కూజాతో వచ్చి, పిడిలేని చిన్న కప్పులో అడుగున కాస్త కాఫీ పోసి హాజీ లఫ్తాకి అందించాడు. కప్పందుకుంటుంటే ఆయనకి వేలి మీది ఎర్రదారం కనబడింది.

ఈ దారమేమిటి? ఎవరు కట్టారు? బద్రియా కట్టింది, అంతవరకు తెలుస్తోంది. ఎందుకు కట్టింది? బజార్లో ఏదన్నా తెమ్మందా? ఎండు నిమ్మకాయలా? మొన్ననే తెచ్చాడు కదా. పోనీ, మందులా? ఇలా ఆలోచిస్తూ, ఆలోచనకి కాస్త చురుకు కావాలి కాబట్టి, ఆయన కాఫీ తాగేశాడు. తాగి, ఇక చాలన్నట్టు కప్పుని రెండుసార్లు ఊపి తిరిగి ఇచ్చేశాడు.

చావడిలో అందరి కళ్ళూ ఆ ఖాళీ కప్పు మీదే పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. నిమ్మకాయలు కాదు.

కప్పు ఊపిచ్చాడంటే అడగడానికేమీ లేదనే అర్థం. మీ రాకకి సంతోషం, మళ్ళీ దయచేయండి అని మిజ్‌బాన్ లేచి నిలబడితే సరి, మాట పడాల్సిన పని కూడా లేదు. మైథమ్ వైపు చూసే ధైర్యం హాజీ లఫ్తాకి లేకపోయింది. చచ్చిపోయిన తమ్ముడికి ఏం జవాబు చెప్పాలో తెలియక దారాన్ని చూస్తూ కూర్చున్నాడు.

మిజ్‌బాన్ కూడా ఆ దారాన్నే చూశాడు. తర్వాత ఆయన ముఖం వైపు చూశాడు.

"హాజీ లఫ్తా పని కాకుండా కాఫీ తాగడని ఊరందరికీ తెలుసు" అన్నాడు చివరికి, అందరికీ వినబడేలా. "నా ఇంట్లో తాగాడు. అంటే పని అయినట్టే. నేను ఒప్పుకున్నానని ఆయన నాకంటే ముందే కనిపెట్టాడు. ఫాతిహా చదవండి."

సంబంధం ఖాయం చేస్తూ అందరూ చదివారు. లోపలినుంచి ఆడవాళ్ళ సంబరపు ఉలూలు కేకలు రెల్లుకప్పు ఎగిరిపోయేలా వినబడ్డాయి. వాళ్ళు విసిరిన మిఠాయిలు మీద పడ్డాయి. వల్లెవేసుకున్న మాటలు ఏం చేసుకున్నాడో గానీ మిజ్‌బాన్ షర్బత్ తెమ్మని కేకేశాడు.

సాగనంపేటప్పుడు ఆయన హాజీ లఫ్తా చెయ్యి వదల్లేదు.

"మా నాన్న కూడా చివరి రోజుల్లో ఇలాగే" అన్నాడు మెల్లగా. "దారం చాలదు హాజీ. పక్కన మనిషుండాలి."

హాజీ లఫ్తా తలూపాడు.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. కప్పు ముట్టకుండా కూర్చోవడం ఎవడైనా చేస్తాడు, అడక్కుండానే తాగేసి పిల్లని తెచ్చుకోవడం హాజీ లఫ్తాకే చెల్లిందన్నారు. ఆ ఎత్తు చూసి మోజుపడి ఒకాయన తన కొడుకు కోసం వెళ్ళినచోట గడగడా తాగేసి, వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. హాజీ లఫ్తాని రమ్మని అడిగేవాళ్ళు మరింత పెరిగారు. రానంటే పొగరంటారు, వస్తే మళ్ళీ కప్పు. బద్రియా దారపుండ చేతిలో పట్టుకుని కూర్చుంది.

మైథమ్ పెళ్ళయిన నెలకి హాజీ లఫ్తా పిల్లనడగడానికి మరో ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరబోతే తన గుమ్మం ముందు పెద్దలతోపాటు మిజ్‌బాన్ నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఎందుకొచ్చారని అడిగితే, వియ్యంకుడు వెళ్తుంటే తాను ఇంట్లో కూర్చుంటే బాగోదన్నాడు. పిల్ల ఇంటివాళ్ళ చావడిలోకి వచ్చి హాజీ లఫ్తా పక్కనే కూర్చున్నాడు.

కాఫీ వచ్చింది. ఆలోచనలో ఉన్న హాజీ లఫ్తా చెయ్యి కప్పుతోసహా పైకి లేవబోయింది. దాని మీద ఇంకో చెయ్యి పడింది. కప్పుని మెల్లగా తివాచీ మీదికి దించి, బర్రెలెలా ఉన్నాయి, ఈ ఏడు పాలెలా ఉన్నాయి అని మిజ్‌బాన్ పిల్ల తండ్రిని అడుగుతుండగా, ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. పిల్ల తండ్రి తాగండి అనేదాకా మిజ్‌బాన్ దాన్ని తియ్యలేదు. ఆయన కప్పు కూడా పక్కనే చల్లారిపోయింది.