బెల్లం పుస్తకం

ఆయుధపూజకు ముందురోజు తనూజ చేయవలసిన పనులు ఇవి. పొద్దున్నే ట్యాంకరు దగ్గర ఆరు బిందెల నీళ్లు పట్టాలి. అత్తకు జావ కాచాలి. దసరా సెలవులకు ఇంట్లోనే ఉన్న కూతురు శివానికి తల దువ్వాలి. మొగుడి పనిబట్టలు దులిపి, నానబెట్టి, ఉతకాలి. ఓళిగల పూర్ణానికి శనగబేడలు నానేయాలి. తొమ్మిదికల్లా మిల్లులో ఉండాలి. పూజకు పసుపు, కుంకుమ, బూడిదగుమ్మడికాయ, నిమ్మకాయలు తెప్పించాలి. సార్ గదికి ఎవరొచ్చినా టీ పెట్టాలి. కూలీలకు బెల్లం కొట్టి ముక్కలు చేయాలి. సాయంత్రంలోపల మూడు నెలల సేఫ్టీ రిజిస్టరు నింపి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి.

చివరిది తప్ప అన్నీ ఏటా ఈ రోజున చేస్తున్నవే.

పెరట్లో గోడకు కొట్టి చొక్కా దులుపుతుంటే తెల్లటి మబ్బు లేచింది. పక్కనే కూర్చున్న శివాని రెండు చేతులూ చాపి, "అమ్మా, పౌడరు!" అని నవ్వింది. తనూజ పిల్లను రెక్క పట్టుకుని అవతలికి లాగింది.

"ఆ పక్కకి పోయి దులపరాదామ్మే, నా జావలో పడతాండాది," అంది వసారాలో నుంచి అత్త సిద్దమ్మ.

సుంకన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "నేను దినమంతా ఆ పిండిలోనే నిలబడతాండా. నువ్వు పది నిమిషాలు దులిపేదానికి మొగం అట్ల పెడితే ఎట్ల?"

పది నిమిషాలే. పెళ్లయిన ఏడేళ్లుగా ప్రతిరోజూ పది నిమిషాలు. ఇంటి పనుల్లో దీన్ని ఎవరూ ఒక పనిగా అనుకోలేదు, తనూజ కూడా అనుకోలేదు. పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. గొర్రెలు కాసే నాయన, బీఎస్సీ కెమిస్ట్రీ సర్టిఫికెట్‌ను దేవుడి పటం వెనకాల పెట్టి దండం పెట్టుకున్నాడు. ఆ చదువులో సిలికా గురించి ఒక పాఠం ఉండేది. పరీక్షలో దానికి ఐదు మార్కులొచ్చాయి. అదే సిలికా మొగుడి చొక్కా కాలరు మీద, కూతురి అరచేతుల మీద, అత్త జావగిన్నె మీద ఉంటుందని పాఠంలో ఎక్కడా రాయలేదు.

కర్నూలు నుంచి డోన్ పోయే దారిలో, పలుగురాళ్లను పిండి కొట్టే మిల్లు అది. సుంకన్న అక్కడ మేస్త్రీ. నాలుగేళ్ల కిందట ఓనరు ఓబుళేశు ఆమె సర్టిఫికెట్ చూసి, "మా మిల్లుకి సేఫ్టీ మేడమ్ దొరికింది పో," అన్నాడు. ఆ మేడమ్ బిల్లులు టైపు చేస్తుంది, సార్ టేబులు తుడుస్తుంది, వచ్చినవాళ్లకు టీ ఇస్తుంది. పైనుంచి కాగితం వస్తే తప్పనిసరై ఒకసారి కర్నూలులో ఒకరోజు ట్రైనింగుకు పంపించారు. కళ్లకు కనిపించే దుమ్ము సగమే, ఊపిరితిత్తుల అడుగుదాకా దిగేది కంటికి ఆనదని అక్కడ చెప్పారు. పొడి చీపురుతో ఊడ్చకూడదు, గాలిపైపుతో ఊదకూడదు, తడిపి తీయాలి, లేదంటే మంచి ఫిల్టరున్న వాక్యూమ్ మిషన్‌తో పీల్చాలి. మొగానికి అతుక్కునే మాస్కులుండాలి. పనిబట్టలు మిల్లులోనే విప్పాలి, ఇంటికి పోనీయకూడదు. తనూజ అదంతా నాలుగు పేజీలు రాసుకొచ్చి సార్‌కు చదివి వినిపించింది.

"తడిపితే పిండి ముద్దయిపోతాది మా," అన్నాడు ఓబుళేశు. "ఊడ్చిన పిండి మళ్లా మూటల్లోకే గదా పోయేది."

వాక్యూమ్ మిషన్ మాత్రం కొన్నాడు, చూపించడానికి ఒకటి ఉండాలని. అది ఆయన గదిలో ఒక మూల ప్లాస్టిక్ కవరు కింద ఉంటుంది. బయట పెడితే దుమ్ము పడుతుందట. ఏటా ఆయుధపూజకు కవరు మీదనే దండ వేస్తారు. పోయిన ఏడు బొట్టు పెట్టింది తనూజే.

మిల్లు చేరేసరికి శుభ్రం చేసే పని మొదలైంది. పండగని అటకల మీదా దూలాల మీదా ఏడాదంతా పేరుకున్న పిండిని దించాలి. సుంకన్న పైన నిలబడి గాలిపైపుతో ఊదుతున్నాడు. కింద ఆరుగురు ఆడవాళ్లు కొంగులు ముక్కులకు చుట్టుకుని ఊడుస్తున్నారు. రేకు చిల్లుల్లోంచి పడే ఎండ గట్టి కర్రలా నిలబడి కనిపిస్తోంది.

ఆ ఆరుగురిలో ఈరక్క ఉంది. నలభై రోజులుగా పనికి రాని మనిషి. తొమ్మిదేళ్లుగా ఆ నేల ఊడ్చింది ఆమె. ఇప్పుడు నాలుగు బారలు ఊడ్చి, చీపురు మీద ఆనుకుని నిలబడుతోంది. తనూజ ఆమెను చేయి పట్టుకుని బయట నీడకు తీసుకొచ్చింది.

"ఇట్ల ఎందుకొచ్చినావక్కా? పెద్దాసుపత్రికి పోయినావంట గదా, ఏమన్యారు?"

"రాకపోతే పండగ చీర ఇయ్యరు గదమ్మే," అని ఈరక్క నవ్వబోయి దగ్గింది. "టీబీ కాదంట. రెండుతూర్లు టీబీ మాత్రలు మింగిచ్చిరి గదా, అదే కాదంట. రాతిదుమ్ము ఎదలో గూడు కట్టిందంట. యాడ పనిచేసినావో కాగితం తేమ్మా, పనివల్ల వచ్చిన రోగమని రాస్తానన్యాడు ఆ డాక్టరు. శానా మంచి పిల్లోడు."

"సార్‌ని అడిగినావా?"

"అడిగితిని. ఈడ చేసినట్టు నీ పేరు యాడుండాది, చూపియ్యి అన్యాడు. ఊడ్చేటోళ్ల పేర్లు ఎవురు రాస్తారు పాపా?" కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆయప్పనీ అనేకి లేదులే. తప్పు నాదే."

"నీ తప్పేంది?"

ఈరక్క కొంగు ముడి విప్పింది. నల్లబడి గట్టిపడిన బెల్లం ముక్కలు మూడున్నాయి. "నువ్విచ్చే బెల్లం నేను సరిగ్గా తినలే. మనవరాలికని, నీ శివానికని ముడేసుకొని పోతాంటి. బెల్లం తింటే దుమ్ము కిందికి దిగిపోతాదని మీ ఇంటాయన చెప్తానే ఉన్యాడు. తినింటే నాకీ గతి పట్టేది కాదు."

బెల్లం పోయే దారి వేరు, దుమ్ము పోయే దారి వేరు. ఆ సంగతి ఈ మిల్లులో తెలిసిన మనిషి తను ఒక్కతే. తెలిసి కూడా నాలుగేళ్లు రోజూ ఐదు గంటలకు గేటు దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడింది. ఒకసారి చెప్పబోతే, "వాళ్ల నమ్మకం వాళ్లది, నీకెందుకు?" అన్నాడు సుంకన్న. మిల్లు వాళ్లకిచ్చేది ఆ ముక్క ఒక్కటే కదా, అదీ పోగొట్టడమెందుకని తనూ ఊరుకుంది. ఊరుకోవడం మంచితనమనుకుంది. అత్తింట్లో నేర్చుకున్నదదే. ఎదురుచెప్పకపోతే మంచి కోడలు, అడిగిన చోట సంతకం పెడితే మంచి మేడమ్. ఈ మనిషి మాత్రం తనూజ పెట్టిన బెల్లాన్ని శివానికే దాచిపెట్టి, ఇప్పుడు రోగానికి తనను తానే తిట్టుకుంటోంది.

బెల్లం అనుకోగానే పుస్తకం గుర్తొచ్చింది. కొందరు రెండేసి ముక్కలు తీసుకుంటున్నారని ఓబుళేశే పెట్టించిన పుస్తకం. రోజూ తేదీ, పేరు, వేలిముద్ర.

"ఇంగా రాయలేదా మా?" ఓబుళేశు గది వాకిట్లో నిలబడి పిలిచాడు. "పండగ మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. అందరికీ మాస్కులిచ్చినాం, మిషన్‌తోనే శుభ్రం చేస్తాండాం అని రాసి సంతకం పెట్టు."

తనూజ లోపలికి వెళ్లి రిజిస్టరు ముందు కూర్చుంది. "మిషన్ కవరే తీయలేదు గదా సార్."

"నీకు తెల్సు, నాకు తెల్సు. ఆయనకి ఎందుకు?" ఓబుళేశు గొంతు పెంచలేదు. "సంతకం పెట్టేదానికే గదమ్మా నువ్వు ఉండేది. మీ ఇంటాయన మేస్త్రీ అయింది ఎవరివల్లో కొంచెం గుర్తుచేసుకో." తర్వాత బయటికి చూసి, "సుంకన్నా! ఇట్ల రాప్పా," అని కేకేసి, ఫోను మోగితే మాట్లాడుతూ గేటు వైపు నడిచాడు.

సుంకన్న దిగివచ్చాడు. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి. సంగతి విని, చేతులు దులుపుకున్నాడు.

"పెట్టు తనూ. ఒక గీత గదా. మన ఇంట్లో చదువుకునిండేది నువ్వొక్కదానివే, అందుకే గదా నిన్ను అడిగేది." మాట పూర్తి కాకుండానే దగ్గాడు. పొడి దగ్గు. పొట్టలోంచి కాదు, ఎద పైనుంచి గీసినట్టు వచ్చింది. మూడేళ్ల కిందట ఈరక్క దగ్గు ఇలాగే ఉండేది.

"ఎప్పట్నుంచి దగ్గుతాండావు?"

"దుమ్ముకి అందరూ దగ్గుతారు. ఆ బెల్లం ముక్క ఇట్లియ్యి, పోతాది."

తనూజ పళ్లెం వైపు చేయి చాపలేదు. లేచి, అతని పక్కనుంచి బయటికి వెళ్లి, కంప్రెసరు స్విచ్ ఆపేసింది. ఒక్కసారిగా మిల్లంతా నిశ్శబ్దమైంది. ఆడవాళ్లు తలలెత్తి చూశారు.

"అక్కా, చీపుర్లు ఆడనే పెట్టి అందరూ బయటికి రాండి. దుమ్ము అణిగేదాకా ఎవరూ లోపలికి పోవద్దు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నా పని పోతాది," అన్నాడు సుంకన్న వెనకాలే వచ్చి.

"పోతాదేమో. నాకూ భయంగానే ఉంది," అంది తనూజ. "ఈరక్క ఊపిరి తీసుకునేది విన్యావా నువ్వు? ఒకసారి పక్కన కూచోని విను."

సుంకన్న ఈరక్క వైపు చూశాడు. ఏదో అనబోయి దగ్గాడు.

తనూజ గదిలోకి పోయి అరలోంచి బెల్లం పుస్తకం తెచ్చి ఈరక్క ఒళ్లో పెట్టింది. "దీంట్లో నాలుగేండ్లు నీ పేరు, నీ వేలిముద్ర ఉండాయి. డాక్టరుకి చూపియ్యి. ఎవరడిగినా తనూజే ఇచ్చిందని చెప్పు."

ఈరక్క పుస్తకాన్ని తిప్పి చూసి, బెల్లం ముడితో పాటు కొంగులో చుట్టుకుంది.

తనూజ తిరిగి వచ్చి కూర్చుని రిజిస్టరు తెరిచింది. ఏ పద్ధతిలో శుభ్రం చేశారు అన్నచోట, పొడి చీపురు, గాలిపైపు అని రాసింది. మాస్కులు అన్నచోట, లేవు, చీర కొంగులు అని రాసింది. వాక్యూమ్ మిషన్ అన్నచోట, కవరు తీయలేదు అని రాసింది. పనిబట్టలు అన్నచోట, ఇంట్లో భార్యలు దులుపుతారు, పిల్లలు పక్కనే ఉంటారు అని రాసింది. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది. నాలుగేళ్లలో ఎవరో చెప్పింది కాకుండా తను చూసింది రాసి ఆమె పెట్టిన సంతకం అదొక్కటే.

ఇక రిమార్కుల గడి మిగిలింది. ఎప్పుడూ గీత కొట్టి వదిలేసే గడి. దాంట్లో ఇలా రాసింది:

"ఈరక్క, వయసు నలభై ఎనిమిది, ఈ మిల్లులో తొమ్మిదేళ్లు ఊడ్చింది. ఆమెకు జబ్బు చేసింది బెల్లం తినకపోవడం వల్ల కాదు. ఈ పేజీ చదువుతున్నవారు ఎవరైనా సరే, ఆమె పేరు గుర్తుపెట్టుకోండి."