మజోలా జడలు

"కుక్క వాసన వస్తోంది," అన్నాడు మా ఆయన సిలార్ద్, పేపరులోంచి తల ఎత్తకుండా. నాతో అన్నట్టు కాదు, గాలితో అన్నట్టు. మా ఇంట్లో పనులు పురమాయించే పద్ధతే ఇది. చెత్తబుట్ట నిండింది. చొక్కాకి గుండీ ఊడింది. కుక్క వాసన వస్తోంది. ఎవరు చెయ్యాలో ఎవరూ అనరు. అనక్కర్లేదు, ఆ మాట తిన్నగా వచ్చి నా మీదే పడుతుంది.

"మొన్న మొన్నే కదా స్నానం చేయించాను," అన్నాను.

"ఈస్టర్‌కి నలుగురూ వస్తారు. పైగా మే మొదట్లో బుడాపెస్ట్‌లో కుక్కల పోటీ."

మజోలా మా పూలి జాతి కుక్క. మజోలా అంటే ఎండుద్రాక్ష. దాని నల్లటి బొచ్చు తల నుంచి నేలదాకా జడలు కట్టి వేలాడుతుంది, కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి. తెలియనివాళ్లు చూసి, ఇది కుక్కా, ఇల్లు తుడిచే గుడ్డా అని నవ్వుతారు. తెలిసినవాళ్లు ఆ జడలు వాటంతటవే కట్టుకున్నాయనుకుంటారు. వదిలేస్తే అవి జడలు కావు, చాపలాగా అతుక్కుపోతాయి. కుక్క పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఒక్కొక్క పాయనీ వేళ్లతో చర్మం దాకా విడదీసుకుంటూ రావాలి. టీవీ ముందు కూర్చున్నా నా ఒళ్లో మజోలాయే, మా అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నా నా చేతిలో దాని జడే. పోటీల్లో కప్పు పట్టుకుని ఫోటోలో నిలబడింది మాత్రం సిలార్ద్. ఒక ఫోటోలో నా మోచెయ్యి కనబడుతుంది.

ఇక స్నానం సంగతి చెప్పాలి. మామూలు కుక్కకైతే గంట పని. పూలికి ఆ జడల్లోకి నీళ్లు దిగడానికే గంట పడుతుంది. షాంపూ నీళ్లలో కలిపి పిండాలి, రుద్దకూడదు. నురగ పోయిందనుకుని మళ్లీ పిండితే మళ్లీ నురగ. తర్వాత ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ తడిసిపోతాయి. తర్వాత రెండు ఫ్యాన్ల మధ్య దాన్ని కూర్చోబెట్టి మర్నాటిదాకా కాపలా కాయాలి. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది, ఆ కంపు ఏ షాంపూకీ పోదు. అంటే ఎంత ఎక్కువ కడిగితే అంత కంపు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా సిలార్ద్ బుర్రకెక్కలేదు. ఎక్కించుకోవలసిన అవసరం అతనికి లేదు మరి.

ఆ మధ్య తీసుకెళ్లి చూపిస్తే, జంతువుల డాక్టరమ్మ జడలు పక్కకి తీసి చూసి ఉలిక్కిపడింది. "ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారమ్మా దీన్ని?"

"రెండు వారాలకోసారి."

"ఎందుకండీ అంత కక్ష? చర్మం పొట్టు లేస్తోంది చూడండి. ఋతువుకొకసారి చాలు. బురదంటితే ఆరనిచ్చి దులిపెయ్యండి."

ఇంటికొచ్చి చెప్పాను. సిలార్ద్ నవ్వాడు. "ఆవిడ ఆవుల డాక్టరు. పోటీ కుక్కల గురించి ఆవిడకేం తెలుసు? నీకు బద్ధకమైతే బద్ధకమని చెప్పు. మధ్యలో డాక్టరు పేరెందుకు?"

బద్ధకం! వారమంతా పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా నిలబడి, సెలవు రోజులు స్నానాలగదిలో మోకాళ్ల మీద గడిపేదాన్ని. సోమవారం పనికి వెళితే నా వేళ్లు నాని ముడతలు పడి ఉండేవి. ఒకసారి మా డాక్టరు, కుర్చీలో పడుకున్న మనిషి ముందే అన్నాడు, "మా ఎమొకె ఇవాళ కుక్కని వెంట తెచ్చినట్టుంది. భయపడకండి, కరవదు." ఆ మనిషి నోట్లో దూది పెట్టుకుని కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అత్తగారు గిజెల్లాది ఇంకో తీరు. "మా నాన్న గొర్రెల మందలో పూలీలకి ఎవరు పోశారు స్నానాలు? వానే కడిగేది," అంటుంది. అదే నోటితో, అదే సాయంత్రం, "ఎమొకే, నా తివాచీ అంతా కుక్క కంపు," అంటుంది. ఆ రెండు మాటలకీ మధ్య నలిగేది నేను.

సరే, శనివారం కడిగాను. కడుగుతూనే హామ్ ఉడికించాను, గుడ్లకి రంగులేశాను, తీపి రొట్టె పిండిని జడలా అల్లి ఓవెన్‌లో పెట్టాను. సోమవారం పొద్దుటికి కూడా మజోలా పొట్ట కింద చెమ్మగానే ఉంది. వీపంతా గోక్కుంటోంది.

మా దేశంలో ఈస్టర్ సోమవారమంటే మగవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల మీద నీళ్లో సెంటో చల్లే రోజు. మా అమ్మమ్మ కాలంలో బావి దగ్గరికి ఈడ్చుకెళ్లి బకెట్లతో కుమ్మరించేవారట. ఇప్పుడు నాగరికత పెరిగింది కదా, చవక కొలోన్ సెంటు సీసాతో వస్తారు. ముందు ఒక పద్యం చదువుతారు. పువ్వు వాడిపోకుండా తడపనా అని అడుగుతారు. అడగడమైతే అడుగుతారు గానీ, జవాబు కోసం ఆగిన మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పైగా తడిసిన మనమే వాళ్లకి రంగు గుడ్డు ఇచ్చి, హామ్ పెట్టి, పళ్ల సారా పొయ్యాలి.

సిలార్ద్ స్నేహితుడు బెర్తలాన్ అందరికంటే ముందొచ్చాడు. అప్పటికే రెండిళ్ల సారా పడింది.

"పద్యం మర్చిపోయాను ఎమొకే. తల వంచు చాలు."

వంచాను. నా తల మీద, తర్వాత మా అత్తగారి తల మీద చల్లాడు. తర్వాత కిందకి చూశాడు. "ఏయ్, ఈ ఇంట్లో ఇంకో అమ్మాయి ఉందిగా! ఇది మాత్రం వాడిపోదేంటి?"

"వద్దు, బెర్తలాన్! దాని ఒళ్లంతా పచ్చిగా ఉంది!" అని అరిచాను.

మూత పీకి సీసా మొత్తం మజోలా వీపు మీద ఒంపేశాడు.

అది పెట్టిన కేక కుక్క కేకలా లేదు. బల్ల కిందకి దూరి వీపుని కాళ్లకేసి రాసుకుంటోంది. సిలార్ద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి ఆ నవ్వు ఆపాడు. ఆపింది కుక్క కోసం కాదు.

"ఒరేయ్, రెండు వారాల్లో పోటీ ఉందిరా! ఈ కంపుతో జడ్జి దగ్గరికి రానిస్తాడా?"

"ఏం కాదులేరా, మీ ఆవిడ కడిగేస్తుంది."

"ఆ, ఇవాళే కడిగెయ్ ఎమొకే, లోపలికి ఇంకకముందే. నీకు అలవాటేగా," అన్నాడు సిలార్ద్. తన కొలోన్ సీసా జేబులో వేసుకుని, బెర్తలాన్ భుజం మీద చెయ్యేసి, ఊళ్లో మిగిలిన ఆడవాళ్లని తడపడానికి వెళ్లిపోయాడు.

నిజం చెబుతున్నాను, మజోలాని టబ్బులో నిలబెట్టి కుళాయి తిప్పాను. చేతులకి అలవాటు అలాంటిది. వీపు మీద జడలు రెండు వైపులకీ తీశాను. కింద చర్మం ఎర్రగా చిట్లి, అక్కడక్కడ చీము తడి, దాని మీద కొలోన్. ఇంకో స్నానం చేయిస్తే ఆ చర్మం మిగలదు. మజోలా మూలగలేదు, పారిపోలేదు. తొందరగా అయిపోతే చాలన్నట్టు తల వంచుకుని నిలబడింది. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. సీసా ఖాళీ అయ్యేదాకా నేనూ అలాగే నిలబడతాను.

కుళాయి కట్టేశాను. బట్టలు కుట్టేటప్పుడు వాడే పెద్ద కత్తెర తెచ్చాను. మొదటి జడ ఒక పట్టాన తెగలేదు, రెండు చేతులూ పెట్టి నొక్కాల్సి వచ్చింది. తర్వాతవి తేలికగానే తెగాయి.

"ఏం చేస్తున్నావే?" మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "వాడొచ్చి ఏమంటాడో తెలుసా?"

"తెలుసు అత్తయ్యా."

ఆమె జుట్టులోంచీ బెర్తలాన్ కొలోన్ వాసనే వస్తోంది.

"చెవుల దగ్గర జాగ్రత్త. అక్కడ చర్మం పల్చన," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

జడలన్నీ పోయాక చూస్తే మజోలా ఎంతో లేదు. ఇన్నాళ్లూ ఈ చిన్న ఒళ్లు అంత బరువు మోసిందా అనిపించింది. తడి గుడ్డతో కొలోన్ తుడిచి, డాక్టరమ్మ ఇచ్చిన మందు రాశాను. గోధుమరంగు కళ్లతో అది నన్ను అడ్డం లేకుండా చూసింది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం సిలార్ద్ జేబుల నిండా రంగు గుడ్లతో వచ్చాడు. కుక్కని చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక అతని ముఖం జేవురించింది.

"పిచ్చెక్కిందా నీకు? ఏడేళ్లు! నా ఏడేళ్ల కష్టమే ఇది!"

నాకు భయమేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "రా," అని స్నానాలగదిలోకి తీసుకెళ్లాను. టబ్బు నిండా నల్లటి జడలు గుట్టగా పడి ఉన్నాయి.

"వీటిలో నువ్వు నీ వేళ్లతో విడదీసింది ఒక్కటి తీసి చూపించు సిలార్ద్. ఒక్కటంటే ఒక్కటి. అది నీ కష్టం. దాన్ని తీసుకెళ్లి పోటీలో నిలబెట్టు."

సిలార్ద్ వంగి, టబ్బులో చెయ్యి పెట్టి, నిజంగానే వెతకడం మొదలుపెట్టాడు. నేను మజోలాని ఎత్తుకుని వీధి తలుపు తీసేసరికి కూడా ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.